ల్యాప్‌టాప్‌కు సాక్షి

ఆ రోజు ఆ టీ తాగకుండా ఉండాల్సింది. ముప్ఫై ఏళ్ళ డ్రైవింగులో ఎన్ని వేల టీలు తాగానో లెక్క లేదు. ఒక్క టీ కూడా నన్ను కోర్టు మెట్లు ఎక్కించలేదు. భీముడు తాగించిన టీ ఎక్కించింది.

నా పేరు తాతారావు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి సర్వీసు జీపు నడుపుతాను. జనం నిండకపోతే రమ్మని అరుస్తాను, నిండాక సర్దుకోమని అరుస్తాను. నాకు నోటిదురుసు ఎక్కువని మా ఆవిడ నాగలక్ష్మితో సహా అందరూ అంటారు. పద్నాలుగు మందిని వేసుకుని రోజూ ఘాటు రోడ్డు ఎక్కి దిగితే వాళ్ళకీ వస్తుంది.

భీముడిది తురాయిమెట్ట. చింతపల్లి దాటాక జీపు దిగి ఇంకో గంట కొండెక్కాలి. కాస్త కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియాలు, తిండికి చోళ్ళు, అంటే రాగులు. ఆయన కూతురు గంగ ఇంటరు పాసై, ఇంట్లో ఉండి చదివే కంప్యూటరు కోర్సులో చేరింది. పాఠాలన్నీ వీడియోల్లో వస్తాయి. ఆఖరి పరీక్ష డిసెంబరులో, అది మాత్రం సొంత కంప్యూటరు మీదే రాయాలట. పాసైతే చింతపల్లి కాఫీ రైతుల సంఘం ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. లేదంటే ఆ పిల్ల వాళ్ళ అక్క వెనకాలే విశాఖపట్నం పోయి బట్టల షాపులో రోజంతా నిలబడాల్సిందే. గంగకు అది ఇష్టం లేదు. భీముడికి అసలే ఇష్టం లేదు. అందుకే జులైలో ఒక శనివారం తండ్రీకూతుళ్ళిద్దరూ నా జీపులో ల్యాప్‌టాప్ కొనడానికి నర్సీపట్నం దిగారు.

దిగాక భీముడు కదలడు. "బావూ, ఒక్కసారి షాపు దాకా రా" అన్నాడు.

"నానెందుకు? కంపూటర్లు నాకేటి తెలుసు?"

"తెలవక్కర్లేదు. నిలబడు సాలు."

తిరుగు ట్రిప్పుకు ఇంకా జనం రాలేదు, ఖాళీగానే ఉన్నాను, వెళ్ళాను. ఫణీంద్ర గారి షాపు నాకు కొత్త కాదు. వారానికి మూడుసార్లు ఆయన పార్శిళ్ళు చింతపల్లికి మోసేది నేనే. ఆయన ఒక ల్యాప్‌టాప్ తీసి, రెండు నిమిషాలు వెలిగించి చూపించి మూసేశాడు. ఇంకాసేపు ఉంచమని గంగ అడిగితే, "కొత్త సరుకమ్మా, ఛార్జింగు తక్కువుంది, ఇంటికెళ్ళి ఫుల్లుగా ఎక్కించాక వాడుకో" అన్నాడు. బిల్లు కొట్టాడు. ఆయన వెనక గోడ మీద, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని పెద్ద అక్షరాల బోర్డు.

భీముడు బయటికి పోయి మూడు టీలు పట్టుకొచ్చాడు. ఒకటి ఫణీంద్ర గారి చేతిలో పెట్టాడు. ఆయన ఫోను మాట్లాడుతూనే తాగేశాడు. ఒకటి నాకిచ్చి, ఒకటి తను తాగాడు. కొండ మనిషి, మర్యాద తెలిసినవాడు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

వాళ్ళ ఊళ్ళో ఎద్దును కొంటే మూడో మనిషి ఉండి తీరాలట. అమ్మినవాడు, కొన్నవాడు, ఆ మూడోవాడు కలిసి ఒకే కుండలోది తాగుతారు. ఎద్దు మొదటి దుక్కికి నిలబడకపోతే మూడోవాడు ఇద్దరినీ కూర్చోబెట్టి వెనక్కి ఇప్పించాలి. తాగినవాడు నాకు సంబంధం లేదనడానికి లేదు. ఈ ముక్క టీ ఇచ్చేముందు చెప్పాలా వద్దా? చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడట.

ఆ మధ్యాహ్నం లంబసింగి దగ్గర వానకు రోడ్డు మీద చెట్టు కూలింది. మగవాళ్ళం అందరం దిగి కొమ్మలు నరికి లాగుతున్నాం. ముందు సీట్లో కూర్చున్న గంగ ఉండబట్టలేక ల్యాప్‌టాప్ తెరిచింది. పదినిమిషాలు బాగానే ఉందట. తర్వాత తెర నిండా అడ్డగీతలు వచ్చి నల్లగా అయిపోయింది. మళ్ళీ వెలిగించింది, మళ్ళీ అంతే. మూడోసారి ఫోనుతో వీడియో తీసుకుంది. నేను తడిసి ముద్దై వచ్చేసరికి ఆ పిల్ల జీపు తలుపు తెరిచిపెట్టి ఇదే పనిలో ఉంది. నా ధోరణిలో నేను ఏదో అరిచాను. ఏం అరిచానో నాకే గుర్తులేదు.

సిగ్నలు దొరకగానే గంగ షాపుకు ఫోను చేసింది. రాత్రంతా ఛార్జింగు పెట్టమన్నాడు. పెట్టింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

మళ్ళీ శనివారం భీముడు పెట్టెతో సహా వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక గంగ. "బావూ, ఎద్దు నిలబడలేదు. పద" అన్నాడు.

"ఏ ఎద్దు?"

అప్పుడు చెప్పాడు టీ సంగతి. నాకు ఒళ్ళు మండింది. "టీ తాగినందుకు నీ యెనకాల తిరగాలేటి? నాకు ట్రిప్పులు లేవేటి?" అని అరిచాను. భీముడు నా అరుపు అయ్యేదాకా ఆగి, "పద" అన్నాడు.

ఫణీంద్ర గారు పెట్టె తెరవను కూడా తెరవలేదు. గోడ మీద బోర్డు చూపించాడు. కంపెనీ సర్వీసు సెంటరు విశాఖపట్నంలో ఉంది, అక్కడికి పొమ్మన్నాడు. తండ్రీకూతుళ్ళు బస్సెక్కి పోయారు. సెంటరువాళ్ళు విప్పి చూసి ఒక కాగితం ఇచ్చారు. కీబోర్డు మీద ద్రవం పడిన మరకలు ఉన్నాయి, ఇది వాడినవారి తప్పు, వారంటీ వర్తించదు. అదీ సంగతి.

తిరిగొచ్చేటప్పుడు నా జీపులోనే ఎక్కారు. గంగ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీల్లు ఒలకబోసినారేటి?" అన్నాను.

"మా అవ్వ" అంది గంగ పళ్ళు బిగించి. "మంగళవారం నేను నిద్ర లేచేసరికి దేవుడి మూల పెట్టి పసుపునీళ్ళు జల్లింది, బాబాయ్. పువ్వులు కూడా పెట్టింది. నా చదువంతా పాడుచేసిందని తిట్టేశాను."

"తిట్టినాది" అన్నాడు భీముడు. "మా యమ్మ అప్పట్నుంచి దీంతో మాటాడ్డం లేదు."

నేను బండి పక్కకు ఆపాను. ఇలాంటివి నడుపుతూ చెప్పే మాటలు కావు. "ఇనండి. పసుపునీల్ల మాట ఇంకెక్కడా ఎత్తకండి. మాకేటీ తెలీదు, అలాగే ఇచ్చినారు అనండి. అర్తమైనాదా?"

గంగ తలూపింది. భీముడు ఊపలేదు.

"జల్లినాం కదా" అన్నాడు. "జల్లలేదని ఎలగంటాం?"

"అనకపోతే ఆ మిసను నీ కూతురే పాడుసేసినట్టు అవుద్ది!"

"పాడు సెయ్యలేదు. జల్లినాం. రెండూ నిజిమే."

ఇలాంటి మనిషితో ఏం వేగుతాం? బండి స్టార్ట్ చేశాను.

గంగ మాత్రం ఊరుకునే రకం కాదు. 1915 అని వినియోగదారులకు ఒక ఫోను నంబరు ఉందట, సిగ్నలు వచ్చే బండ మీద కూర్చుని దానికి చేసింది. అవతల ఒకావిడ తెలుగులోనే అంతా విన్నదట. లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోనని గోడ మీద ఎంత పెద్ద బోర్డు రాసినా చెల్లదని చెప్పింది. కంపెనీకి ఫిర్యాదు పంపింది. కంపెనీవాళ్ళు అదే పాట పాడారు, నీళ్ళు, నీళ్ళు అని. అలాగైతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యమంది ఫోనులో ఆవిడ. ఇంత చిన్న కేసుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, ఆన్‌లైన్లో వెయ్యొచ్చు. గంగ చింతపల్లి నెట్ సెంటర్లో కూర్చుని తనే రాసింది. పసుపునీళ్ళ సంగతి కూడా రాయించాడు వాళ్ళ నాన్న. ఆ వాక్యం దగ్గర తండ్రీకూతుళ్ళు గంటసేపు పోట్లాడుకున్నారని నెట్ సెంటరు గోపి చెప్పాడు.

పాఠాలు కూడా ఆ సెంటర్లోనే చూసుకునేది, కొండ దిగి వచ్చి, ఎక్కి పోయి. పరీక్ష మాత్రం అక్కడ కుదరదు.

సెప్టెంబరులో గంగ నాకో కాగితం తెచ్చి ఇచ్చింది. నేను సాక్షినని, షాపులో ఉన్నానని, లంబసింగి దగ్గర ల్యాప్‌టాప్ ఆరిపోవడం చూశానని. కింద నేను సంతకం పెట్టి, నోటరీ చేయించాలి.

"సూద్దాం" అని అద్దం దగ్గర పెట్టాను. ఆ కాగితం అక్కడే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో దాచను. ఆ వారమే ఫణీంద్ర గారు పార్శిళ్ళు ఎక్కిస్తూ నా భుజం మీద చెయ్యేసి, "తాతారావూ, నువ్వు బయట బండి దగ్గరున్నావు. ఏటీ సూడలేదు. అంతే కదా?" అన్నాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ నా మీద నాకు చిరాకే. పార్శిళ్ళ ఆదాయం లేకపోతే ఆ నెల డీజిలుకే చాలదు.

గంగ జీపు ఎక్కినప్పుడల్లా అద్దం దగ్గర కాగితం చూసేది, ఏమీ అడిగేది కాదు. అడిగితే ఒక అరుపు అరిచి బయటపడేవాణ్ణి. అడగలేదు.

నవంబరులో పిలుపు వచ్చింది. భీముడు, గంగ, వాళ్ళ అవ్వ రత్నాలు ముగ్గురూ చింతపల్లిలో చీకటితోనే నా బండి ఎక్కారు. చలికి ముసలమ్మ రెండు దుప్పట్లు కప్పుకుంది. "నర్సీపట్నంలో దింపుతాను, బస్సు పట్టుకోండి" అందామనుకున్నాను. నర్సీపట్నం వచ్చింది. అనడానికి నోరు రాలేదు. బండి విశాఖపట్నం వైపు తిప్పి, "ఇంత దూరం కిరాయి ఎవడిత్తాడు?" అని మాత్రం అరిచాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సంతకం ఇంకా పెట్టలేదు.

కమిషనంటే సినిమా కోర్టులా ఉంటుందనుకున్నాను. మామూలు ఆఫీసు గది. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో మేడమ్ ప్రెసిడెంటు. ఇటు గంగ ఒక్కత్తీ నిలబడింది. అటు కంపెనీ లాయరు, పక్కన ఫణీంద్ర గారు. నన్ను చూసి ఆయన ముఖం మాడింది.

లాయరు సర్వీసు సెంటరు కాగితం చదివాడు. మేడమ్ గంగను అడిగింది. "దీని మీద నీళ్ళు పడ్డాయా?"

గంగ నోరు తెరిచే లోపే భీముడు లేచాడు. "పడినాయి తల్లీ. మా యమ్మ పసుపునీల్లు జల్లింది. కొన్న మూడు దినాలకి, మంగలారం నాడు."

లాయరు సంతోషం చూడాలి. "వాళ్ళే ఒప్పుకున్నారు మేడమ్" అన్నాడు. నేను నెత్తి కొట్టుకున్నాను, నిజంగానే కొట్టుకున్నాను, బంట్రోతు నా వైపు చూశాడు.

మేడమ్ ముసలమ్మ వైపు తిరిగింది. "ఎందుకు జల్లారమ్మా?"

రత్నాలుకు తెలుగు అంతంతమాత్రం. దుప్పటి సర్దుకుని నిలబడింది. "బాగున్నదానికి ఎందుకు జల్లుతాను? పడిపోనాది. గుంట ఏడిసినాది. లెగమని జల్లినాను."

గంగ గబగబా పోయి ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. జులై నుంచి వాళ్ళిద్దరి మధ్యా మాటల్లేవు.

"అంటే నీళ్ళు జల్లకముందే పాడైందని మీరంటున్నారు" అంది మేడమ్. "రుజువేమిటి?"

గంగ ఫోనులో వీడియో చూపించింది. కీబోర్డు మీద ఇంకా ప్లాస్టిక్ పొర కూడా తియ్యలేదు, ఎక్కడా మరక లేదు. తెర మీద గీతలు, తర్వాత నలుపు. లాయరు ఊరుకుంటాడా? ఫోనులో తేదీ మార్చడం చిన్నపిల్లలకు కూడా వచ్చు, ఇది ఆ ల్యాప్‌టాపేనని, ఆ రోజేనని ఎలా నమ్మాలి అన్నాడు.

"సౌండ్ పెట్టమ్మా" అంది మేడమ్.

పెట్టింది. ముందు వాన చప్పుడు. తర్వాత గదంతా అదిరిపోయేలా నా గొంతు.

"ఓసి గుంటా! ఆరిపోనాదని సూత్తన్నావు కదా, మల్లీ మల్లీ దాన్నేటి పొడుత్తన్నావు? ఆ ఫణీంద్రగాడు కొండోల్లని సూసి సచ్చిన సరుకు అంటగట్టీసినాడు! పొద్దున్న కొన్నది సాయంత్రం దాకా లేదు! మూసీ, మూసీ! సెట్టు తీసీసినారు, బేగి ఎక్కండెహె!"

ఆ మూల ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనున్న మెంబరు కాగితం అడ్డం పెట్టుకున్నాడు. నేను బల్ల కింద దూరడానికి చోటుందా అని చూశాను.

"ఎవరిదా గొంతు?" అంది మేడమ్.

గంగ నా వైపు చూడలేదు. భీముడూ చూడలేదు. నన్ను చూసింది ఫణీంద్ర గారొక్కడే. తల కొంచెం అడ్డంగా ఆడించాడు. వారానికి మూడుసార్లు మోసే పార్శిళ్ళన్నీ ఆ తల ఊపులో ఉన్నాయి. నేను కాదంటే కాదనే. ఘాటులో అరిచే డ్రైవర్లు వందమంది ఉంటారు.

భీముడు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. టీ తాగినవాడు లేస్తాడా లేదా అన్న అనుమానమే ఆ ముఖంలో లేదు. అదే నన్ను లేపింది. తిట్టి ఉంటే కూర్చునేవాణ్ణేమో.

"నాదేనండి" అన్నాను. "నానే అరిసినాను. ఆ సెట్టు పడిందీ, ఈ మిసను కొన్నదీ ఒక్క రోజే. షాపులో కూడా నాను పక్కనే ఉన్నాను. బయట లేను." జేబులోంచి కాగితం తీశాను. మడతల దగ్గర చిరిగింది. "దీని మీద ఎక్కడ సంతకం పెట్టాలో సెప్పండి."

బంట్రోతు పెన్ను ఇచ్చాడు. కింది అంతస్తులో నోటరీ చేయించుకుని రమ్మన్నారు, చేయించుకొచ్చాను. లాయరు నన్ను నాలుగు ప్రశ్నలు అడిగాడు. నాలుగింటికీ అరిచే చెప్పాను. నెమ్మదిగా చెప్పమని మేడమ్ అంది. అది నాకు చేతకాదని చెప్పాను.

లాయరు బయటికెళ్ళి కంపెనీతో ఫోనులో మాట్లాడి వచ్చాడు. వాయిదా అడిగాడు. ఆ వాయిదాకు కొత్త ల్యాప్‌టాప్ ఇస్తామని, తిరిగిన ఖర్చులు ఇస్తామని రాసిచ్చారు. కమిషన్ దాన్నే ఉత్తర్వుగా ఇచ్చింది. అయితే భీముడు ఒక మాట అడిగాడు. అమ్మినప్పుడే పాడైన సరుకు, మా పిల్ల పాడుచెయ్యలేదు అని అందులో ఉండాలన్నాడు. మేడమ్ రాయించింది.

డిసెంబరు మొదటి వారంలో ఫణీంద్ర గారి షాపుకు కొత్త పెట్టె వచ్చింది. నాకు ఆ షాపుతో పని లేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన మర్నాటి నుంచే పార్శిళ్ళు దేవీప్రసాద్ అనే ఇంకో డ్రైవరు బండిలో పోతున్నాయి. అయినా భీముడు "పద" అన్నాడు, వెళ్ళాను.

ఫణీంద్ర గారు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. భీముడు బయటికి పోయి మూడు టీలు తెచ్చి, వరసగా బల్ల మీద ఉంచాడు. ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు.

"ఆగు బావూ" అన్నాడు భీముడు. "ఈసారి ముందు దున్నాలి."

గంగ ల్యాప్‌టాప్ వెలిగించి, బల్ల మూల కూర్చుని తన పాఠం పెట్టుకుంది. పదినిమిషాలు. తెర వెలుగుతూనే ఉంది. ఇరవై. షాపులోకి వచ్చిన ఇద్దరు ఏమిటని అడిగితే, "సూత్తన్నాం" అన్నాడు భీముడు. వాళ్ళూ నిలబడి చూశారు. అరగంటకు టీల మీద మీగడ కట్టింది. బయట జీపు నిండి జనం హారను కొడుతున్నారు. ఒక్కసారి తలుపు దాకా పోయి, "ఉండండెహె!" అని అరిచి వచ్చాను.

గంట దాటాక గంగ తల ఎత్తింది. "పాఠం అయిపోయింది నాన్నా" అంది. తెర ఇంకా వెలుగుతోంది. పరీక్షకు ఇంకా పదహారు రోజులున్నాయి.

భీముడు చల్లారిపోయిన టీ తీసి ఫణీంద్ర గారికి ఇచ్చాడు. ఆయన ఈసారి ఫోను పక్కన పెట్టాడు. గ్లాసు వైపు చూశాడు, గంగ వైపు చూశాడు. చివరి చుక్క దాకా తాగాడు.

రెండో గ్లాసు భీముడు నా ముందు పెట్టాడు. ఇది తాగితే ఏమవుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఎన్ని ట్రిప్పులు పోతాయో, ఎవరితో చెడుతుందో కూడా తెలుసు.

"సల్లారిపోనాది, పంచదారా తక్కువే" అని విసుక్కుని, తాగాను.